చందా ఇస్తాం సరే, లైటు మొహం ఎటు?

మనముంటున్న టెక్సాస్‌లో వసంతంలోనూ, మళ్లీ ఆకురాలే కాలంలోనూ రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఆరు దాకా అక్కర్లేని లైట్లు ఆర్పమని చెబుతారు. ఇక్కడుంటూ ఊళ్లో లైట్లకు చందాలిచ్చే మన నెల్లూరు సంఘం వాళ్లలో చాలామంది అది కరెంటు పొదుపు గొడవ అనుకుంటారు. కాదు, పిట్టల గొడవ.

చిన్న పిట్టల్లో చాలా జాతులు వలస పోయేది రాత్రిళ్లే. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల బెడద తక్కువ. చుక్కల్నీ, భూమి అయస్కాంత శక్తినీ ఆనవాలు పట్టుకుని పోతాయి. మబ్బు పట్టిన రాత్రి కిందికి దిగితే నగరం వెలుగు వాటిని లాగేస్తుంది. దాని చుట్టూ తిరిగి తిరిగి సోలిపోతాయి, లేదంటే అద్దాలకు కొట్టుకుని చస్తాయి. 2023 అక్టోబరు 5న షికాగోలో మెక్‌కార్మిక్ ప్లేస్ అనే ఒక్క భవనం దగ్గరే దాదాపు వెయ్యి పిట్టలు చచ్చిపడ్డాయి. తర్వాతి ఏడాది అద్దం ఉందని పిట్టలకు తెలిసేలా చిన్న చిన్న బొట్లున్న ఫిల్మ్ అంటించాక చావులు బాగా తగ్గాయి. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 స్మారకంగా వెలిగించే కాంతి స్తంభాల్లో పిట్టలు మరీ మూగితే ఇరవై నిమిషాలు ఆర్పుతారు. ఆర్పగానే అవి చెదిరి తమ దారిన పోతాయని 2017లో వచ్చిన పరిశోధన చూపించింది. పైసా ఖర్చు లేని మందు!

ఇక మన వైపు సంగతి. నేలపట్టు గూడబాతులు (పెలికాన్లు), పులికాట్ సరస్సు రాజహంసలు (ఫ్లెమింగోలు) అందరికీ తెలుసు. ఫ్లెమింగో ఫెస్టివల్ వస్తే వాట్సాప్ నిండా అవే ఫోటోలు. గూడబాతులు పగటి వేడిగాలి ఆసరాతో తేలుతూ పోయే రకం, వాటి మాట వదిలేద్దాం. ఉత్తరాన ఎక్కడినుంచో వచ్చే సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు రాత్రిళ్లు కూడా ఎగురుతాయి. దిగేది మన చెరువుల్లో, సరస్సు అంచు బురదల్లో. ఆ తీరం వెంబడే రొయ్యల గుంటల లైట్లు, ఊళ్లలో ఎత్తు స్తంభాల హైమాస్ట్ లైట్లు. వాటిలో కొన్ని మన చందాలతో పెట్టించినవే.

లైటే వద్దనడం లేదు. రక్తపింజరి తిరిగే కట్ట మీద నడిచేవాళ్లకు వెలుతురు ఉండాల్సిందే. నాయుడుపేటలో షికాగో అంత అద్దాల మేడలు ఎక్కడున్నాయని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే. కానీ దారి తప్పించడానికి అద్దం అక్కర్లేదు, వెలుగు చాలు.

మొన్న ఊరెళ్లినప్పుడు చెరువు కట్ట మీది స్తంభం చూశాను. నాలుగు ఫ్లడ్ లైట్లలో రెండు దారి మీదికి, ఒకటి నీళ్ల మీదికి, ఇంకొకటి తల పైకెత్తి ఆకాశంలోకి. అడిగితే లైన్‌మన్, "బిగించినప్పుడు అట్టా ఉండిపోయింది సార్, నట్టు వదులు చేస్తే వంగుద్ది" అన్నాడు. దాత పేరున్న బోర్డు మాత్రం తిన్నగానే ఉంది.

అందుకే నేను అడిగేది చందా కాగితంలోనే షరతు రాయమని. వెలుగు కిందికే పడేలా పైన మూత ఉండాలి, నీళ్ల వైపు లైటు పెట్టకూడదు, అక్టోబరు నుంచి మార్చి దాకా జనం తిరగని వేళ తగ్గించే టైమర్ పెట్టాలి. ఇక్కడ మన ఇళ్ల ముందు గోడల మీదికి ఎగజిమ్మే అలంకారపు లైట్ల సంగతి కూడా వచ్చే మన సంఘం జనరల్ బాడీ మీటింగులో తేలాలి. దాత బోర్డుకి లైటు కావాలంటారా, పైనుంచి కిందికి ఒక చిన్న బల్బు పెట్టించండి, నాకేం అభ్యంతరం లేదు.