అందరికీ ఒకే కుంచం

పిల్లలకి పాఠం చెప్పేవాణ్ని ఎంచడమంత తేలికపని ఇంకోటి లేదండీ. పిల్లల్ని చూపించక్కర్లేదు, చాక్‌పీసు చేతికివ్వక్కర్లేదు. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో 150 బిట్లు, 150 నిమిషాలు. పోస్టులు ఇచ్చే డీఎస్సీలో రాతకి 80, టెట్‌కి 20 వెయిటేజీ. అంటే టెట్‌లో ఒక మార్కు తగ్గితే ర్యాంకు లెక్కలోంచి పోయేది 0.133. షిఫ్టుకో పేపరు కాబట్టి పేపర్ల తేడా సర్దడానికి పైన నార్మలైజేషను. చుక్క పక్కన ఇన్ని అంకెలున్న కొలతని తప్పుపట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

అయినా కొందరు పక్షపాతం అంటూ గొణుగుతున్నారు. వాళ్ల నోరు మూయించాలంటే బిట్టు పద్ధతిగా తయారవ్వాలి. శాతాల మీద ఒకటి కావాలనుకోండి. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ధర వెయ్యికి చెబుతారు, 640 కాయలకి ఎంతొస్తుందో గోదావరి లంకలో పెరిగిన పిల్ల నోటితోనే చెప్పేస్తుంది. కాబట్టి కాయల జోలికి పోకండి. షాపింగ్ మాల్‌లో ముందు 20 శాతం తగ్గింపు, ఆ మిగిలినదాని మీద కార్డుకి మరో 10 శాతం, మొత్తం తగ్గింపెంత అని అడగండి. జవాబు 28. పక్కనే 30 పెట్టడం మరవొద్దు. శాతాలు బాగా వచ్చి, అలాంటి బిల్లు ఎన్నడూ చూడనివాళ్లు ఆ 30 దగ్గరే పడతారు.

మిగతా పని కోచింగ్ సెంటరు చూసుకుంటుంది. తెలియని బిట్టుకి పొడవాటి ఆప్షను పెట్టు, ‘పైవన్నీ’ కనబడితే వదలకు. అమలాపురంలో ఫీజూ హాస్టలూ కట్టుకోగలిగినవాడికి ఇవన్నీ వస్తాయి, ప్రతిభ అంటే అదే మరి.

ఒక బిట్టు ఏ ఊరివాళ్లని ముంచుతోందో పట్టే పద్ధతి లేకపోలేదు. మొత్తం మార్కులు సమానంగా వచ్చినవాళ్లని ఊళ్లని బట్టి రెండు గుంపులు చేసి, ఒక గుంపే ఆ బిట్టు దగ్గర తేడాగా తప్పుతోందంటే దాన్ని తీసి పారేయాలి. కానీ అదంతా ఖర్చు. మనకి ప్రాథమిక కీ మీద, అంటే ముందు వదిలే జవాబుల పట్టీ మీద, అభ్యంతరాల లింకు ఉందిగా! అందులో జవాబు తప్పంటే వింటారు. ప్రశ్న ఏ ఊరివాళ్లని ముంచుతోందో ఎవరూ అడగరు.

న్యూయార్క్‌లో ఈ తెలివి లేక చిక్కులో పడ్డారు. అక్కడి టీచర్ల అర్హత పరీక్ష మీద 1996లో కేసు పడింది. క్లాసులో పనికొచ్చేదాన్నే అది కొలుస్తోందని రుజువు లేదు, నల్లజాతి, లాటినో అభ్యర్థులకి అన్యాయం చేసిందని 2012లో ఫెడరల్ కోర్టు తేల్చింది. రుజువు అడగనిచ్చారు, అదీ వాళ్ల పొరపాటు.

మన డెల్టావాళ్లం మరీ ఏడవనక్కర్లేదు లెండి. మాల్ బిట్టు దగ్గర తడబడ్డా పేపరు తెలుగు మనదే. ప్రామాణిక భాష అంటే కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే కదా. ఎగువన రంపచోడవరం, చింతూరు గిరిజన ప్రాంతం వైపు వెళ్తే ఆ లాభమెంతో తెలుస్తుంది. అలాంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక మైదానం అభ్యర్థికీ ఏజెన్సీలో చోటుంది.

పేపర్లో పెడగాజీ, అంటే బోధనా పద్ధతుల బిట్టు: ప్రాథమిక దశలో బోధన ఏ భాషలో ఉండాలి? మాతృభాషలో. మన కోనసీమ అబ్బాయి టక్కున పెట్టేశాడు. కోయ గిరిజనుల ఇంట్లో పుట్టిన అమ్మాయీ అదే పెట్టింది గానీ, మాల్ బిల్లు దగ్గరా గ్రాంథిక వ్యాకరణం దగ్గరా వెనకబడింది. పోస్టు అబ్బాయికొచ్చింది.

ఒకటో తరగతి పిల్ల బయటికెళ్లొస్తానని కోయ భాషలో అడిగింది. మాస్టారైన మన అబ్బాయిగారు నవ్వి ‘కూర్చోమ్మా’ అన్నారు. మళ్లీ అడిగింది. ‘మంచి పిల్లవి కదూ’ అన్నారు. కాసేపటికి గోనెపట్టా తడిసింది. పిల్లకి క్రమశిక్షణ అలవాటు చెయ్యాలని తల్లిని పిలిచి తెలుగులో గట్టిగా చెప్పారు, ఆవిడ ప్రతిదానికీ తలూపింది. మారుమూల బడి కాబట్టి ట్రాన్స్‌ఫర్‌కి పాయింట్లు బాగానే వస్తాయట. వచ్చే కౌన్సెలింగ్‌కి కోనసీమలో రాజోలు దగ్గర ఖాళీ ఏదైనా ఉందేమోనని ఆయన ఇప్పట్నించే వాకబు చేయిస్తున్నారు.