ప్రభువు చెప్పిన సాకు లెస్సింగ్ తీర్పు కాదు

"పాత జర్మన్ నాటకాల్లో విలన్ తన దుర్మార్గం తానే చెప్పేసుకుంటాడు. డైలాగులన్నీ పద్యాలే. చెడ్డవాడు పక్కనుండే సలహాదారే, ప్రభువు పాపం ప్రేమలో పడ్డ అమాయకుడు." ఈ మెసేజ్ నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. సాక్ష్యంగా జర్మన్ నాటకకర్త లెస్సింగ్ రాసిన 'ఎమీలియా గలొట్టి' (1772) పేరు పెట్టారు.

ఆ నాటకం మొత్తం వచనమే. కాబట్టి పద్యాల మాట వదిలేద్దాం.

విలన్ తానే చెప్పేసుకోవడం మాత్రం కొంత నిజం. మరో జర్మన్ నాటకకర్త షిల్లర్ రాసిన 'డీ రాయ్బర్' నాటకంలో విలన్ ఫ్రాంజ్ మోర్ మొదటి దృశ్యంలోనే తన కసంతా కక్కేస్తాడు. కానీ అదే షిల్లర్ 1784లో 'కబాలే ఉండ్ లీబే' అనే నాటకం రాశాడు. అందులో ప్రభువు రంగం మీదికే రాడు. అతను పంపిన నగలు తెచ్చిన ముసలి సేవకుణ్ణి ప్రభువు ప్రియురాలు లేడీ మిల్ఫోర్డ్ వాటి వెల ఎంతని అడుగుతుంది. ప్రభువుకు పైసా ఖర్చు కాలేదంటాడతను. నిన్న 7000 మంది మన పిల్లల్ని సైనికులుగా అమెరికాకు పంపారు, అంతా వాళ్లే చెల్లిస్తారు అంటాడు. వాళ్లలో అతని కొడుకులూ ఉన్నారు. ఆ ప్రభువు ఎలాంటివాడో ఇంకెవరైనా చెప్పాలా?

నాకు నిజంగా కోపం తెప్పించేది మూడో మాట. 'ఎమీలియా గలొట్టి'లో ప్రభువు మోజుపడ్డ ఎమీలియా చనిపోయాక, దెయ్యాలు స్నేహితుల వేషంలో వస్తాయని ప్రభువు వాపోతాడు. మెసేజ్ దాన్నే నాటకం నీతి అంటోంది. అయ్యా, ఆ మాట అన్నది ఎవరు? నిందితుడే కదా! ఎమీలియా పెళ్లి ఆపడానికి ఏమైనా చెయ్యమని తన సలహాదారు మారినెల్లీకి పూర్తి స్వేచ్ఛ ఇచ్చింది అతనే కదా!

మొదటి అంకం తెరిచి చూడండి. ఒకామె అర్జీలో చాలా ఎక్కువే అడిగిందని ప్రభువే అంటాడు. అయినా ఆమె పేరు కూడా ఎమీలియా కాబట్టి మంజూరు చేస్తాడు. అంకం చివర ప్రభువు కొలువులోని అధికారి కమిల్లో రోటా ఒక మరణశిక్ష మీద సంతకం కావాలంటాడు. "సంతోషంగా చేస్తాను, త్వరగా ఇవ్వు" అంటాడు ప్రభువు. ఎవరి శిక్ష, ఏం నేరం అని కూడా అడగడు. రోటా నిర్ఘాంతపోయి, ఆ కాగితం తేలేదని తప్పించుకుంటాడు. చనిపోయింది తన ఒక్కగానొక్క కొడుకే అయినా, ఆ క్షణంలో హంతకుడి శిక్ష మీద ప్రభువుచేత సంతకం పెట్టించేవాణ్ణి కాదని తర్వాత తనలో తాను అనుకుంటాడు.

అప్పటికి మారినెల్లీ ఆ గదిలో లేడు.