సవరణ: పులుసన్నం, మందు, షుగర్

మొన్నటి పోస్టులో ‘తిని తాగితే మత్తు తక్కువ’ అని ఉంది. దాన్ని కావలి, ఒంగోలు వైపు కొందరు, చేపల పులుసన్నం లాగిస్తే మందు అసలు ఎక్కదని అర్థం చేసుకున్నారు. అబ్బే! కడుపులో అన్నం ఉంటే ఆల్కహాల్ చిన్నపేగులోకి మెల్లగా దిగుతుంది, రక్తంలో ఒక్కసారిగా పెరగదు. అంతవరకే. కాలేయం దాన్ని గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగిస్తుంది. మజ్జిగా నిమ్మరసం ఆ వేగాన్ని పెంచవు.

అసలు చేర్చాల్సింది షుగర్ ఉన్నవాళ్ల సంగతి. ఆల్కహాల్ ఉన్నంతసేపు కాలేయంలో కొత్త గ్లూకోజ్ తయారీ తగ్గుతుంది. ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఏమీ తినకుండా తాగితే గంటల తర్వాత, నిద్రలో కూడా రక్తంలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, తడబాటు చూసి ఇంట్లోవాళ్లు మత్తేలే అనుకుంటారు. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.