ఆస్టిన్ గారిల్లు

మొన్న ఆదివారం అత్తయ్యనీ మామయ్యనీ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో చాటన్ అనే పల్లెకి తీసుకెళ్లా, జేన్ ఆస్టిన్ ఇల్లు చూపిద్దామని. అత్తయ్య ముప్పై ఏళ్లు ఇంగ్లీషు టీచరు, ఆవిడ సంబరం సరే, మామయ్య కూడా తెల్లారకముందే స్నానం చేసి మంకీ క్యాప్ పెట్టుకుని రెడీ అయిపోయారు. ఎందుకో గేటు దగ్గర తెలిసింది.

మామయ్య: కార్లు పెట్టే షెడ్డు ఎటే?

అత్తయ్య: కార్లేంటండీ! ఆస్టిన్ కార్ల కంపెనీ కాదు, ఈవిడ నవలలు రాసిన ఆస్టిన్.

మామయ్య: అంటే కంపెనీ పెట్టింది ఆడమనిషా? పెట్టకూడదా ఏంటి, నీవన్నీ పాతకాలం భావాలు.

అత్తయ్య: అయ్యో రామా. 1809లో వాళ్లన్న ఎడ్వర్డ్ తల్లినీ చెల్లెళ్లనీ తెచ్చి ఊరికే పెట్టాడు ఈ ఇంట్లో. అన్నంటే అలా ఉండాలి. మీరూ ఉన్నారు, మీ చెల్లెలికి పెట్టిన చీర కూడా నేను కొన్నదే.

మామయ్య: కార్ల డబ్బు కదా, పెడతాడు.

(లోపల తలుపు కిర్రుమనేదట, ఎవరైనా వస్తే తెలుస్తుందని జేన్ బాగుచేయనిచ్చేది కాదట, రాస్తున్న కాగితాలు దాచేసుకోడానికి. అది చెప్పా.)

మామయ్య: అంత కంపెనీ ఉండి తలుపుకి చుక్క ఆయిల్ లేదా?

అత్తయ్య: మనింట్లో ఫ్రిజ్ తలుపు కూడా అలా అరిస్తే బావుణ్ణు. మీ షుగరు కంట్రోల్లో ఉండేది.

మామయ్య: ఈ బుల్లి బల్ల? పన్నెండు మూలలున్నాయి, చక్రం డిజైనా?

అత్తయ్య: దీనిమీదే రాసిందట. మీరు కరెంటు బిల్లు చూడ్డానికి డైనింగ్ టేబుల్ మొత్తం కావాలి.

పెరట్లో ఆస్టిన్ వాళ్ల గాడిద బండి ఉంది. చూసి మామయ్య మొహం వెలిగిపోయింది.

మామయ్య: చెప్పానా! ఫస్ట్ మోడల్!

అత్తయ్య: అవును, ఒక్క గాడిద లాగేది. రెండోది ఇవాళ టికెట్ కొనుక్కుని వచ్చింది.

అంతటితో అయిపోయేది, కానీ అక్కడున్న ముసలాయన్ని మామయ్య "ఆస్టిన్ కార్?" అని అడిగేశారు. ఆయనేమో వాళ్ల నాన్నకి ఆస్టిన్ సెవెన్ కారు ఉండేదంటూ మొదలెట్టాడు, ఇంక ఇద్దరూ బండి పక్కనే నిలబడి అరగంట, మామయ్య ఇంగ్లీషు సగం చేతుల్తోనే. ఆస్టిన్ కంపెనీ 1905లో బర్మింగ్‌హామ్ దగ్గర పెట్టారు, పాపం ఈవిడ 1817లోనే పోయింది, అది ఇద్దరికీ పట్టలేదు.

మామయ్య: విన్నావా? ఆయనకీ తెలుసు!

అత్తయ్య: విన్నాను. ఫ్లాస్కులో టీ ఎప్పుడో పోశా. చల్లారకుండా మీ మంకీ క్యాప్ కప్పా.

మామయ్య: అది ఉతికి ఎన్నాళ్లయింది?

అత్తయ్య: తాగండి ముందు.