మనసు బాగుపడటానికి మనుషులెందరు కావాలి?

వ్యక్తిగత చికిత్స మేలా, బృంద చికిత్స మేలా అన్న ప్రశ్న ఈమధ్య మన చదువుకున్న ఇళ్లలో తీవ్రంగా చర్చకు వస్తున్నది. ఆ చర్చలో బాధపడుతున్న మనిషి తప్ప తక్కిన బంధువులందరూ పాల్గొంటున్నందున, నేనూ నా వంతు సలహా చెప్పడం ధర్మమని భావిస్తున్నాను.

వ్యక్తిగత చికిత్స అంటే మూసిన తలుపు వెనుక ఒక సైకాలజిస్టు, ఒక మనిషి, సుమారు 50 నిమిషాలు. ఇది పుస్తకాల్లో మాట. మా చిన్నాన్న కొడుకు ఇటీవల ఈ పద్ధతినే ఎంచుకుని, అమ్మ, నాన్న, మేనమామ, బావలతో కలిసి వెళ్లాడు. గదిలో రెండే కుర్చీలుండగా, బావ బయటినుంచి మూడు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చి, తాను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "నిద్ర పడుతోందా?" అని సైకాలజిస్టు అడగగానే, "ఆ ఫోను లాక్కుంటే శుభ్రంగా పడుతుందండీ" అని పిన్ని జవాబిచ్చింది. ఆకలి సంగతి అడిగితే, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మేనమామగారు తేల్చేశారు. మావాడు ఫ్యాను గాలికి ఊగుతున్న క్యాలెండరులో పండగలు లెక్కపెట్టుకున్నాడు. రసీదులో మాత్రం 'వ్యక్తిగత కౌన్సెలింగ్' అనే ఉంది.

ఇక బృంద చికిత్స. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు పేద క్షయరోగులను ఒకచోట చేర్చి ఆరోగ్యపాఠాలు చెబుతూ, పాఠంకన్నా ఒకరినొకరు చూసుకోవడమే వారికి ఎక్కువ ధైర్యమిస్తున్నదని గమనించాడట. నేడు సాధారణంగా ఆరుగురు మొదలు పదిమంది వరకు, చికిత్సకుని సమక్షంలో గంటన్నర కూర్చుంటారు. నాకొక్కడికే ఇలా ఎందుకని కుమిలిపోయేవాడికి, ముక్కూమొహం తెలియని మనిషి నోట తన మాటే వినిపించడం ఇందులోని మందు. ఇంత మంచి పద్ధతికి మన దగ్గర వచ్చిన చిక్కల్లా ఆ ముక్కూమొహం తెలియని మనిషిని సంపాదించడమే. "మీదే ఊరండీ?" అని మొదలైతే పది నిమిషాల్లో ఒకరు మరొకరి వియ్యంకుడికి తోడల్లుడని తేలుతుంది.

గోప్యత సంగతి మరీ సున్నితం. రోగి విషయాలు బయటపెట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యులను, చికిత్సకులను కట్టడి చేస్తుంది. పక్క కుర్చీలో కూర్చున్నవారిని కట్టిపడేసేది మాత్రం వారిచ్చిన మాటే. మన జాతి ఆ మాటను "నీకొక్కదానికే చెబుతున్నా, ఎవరికీ అనకు" అనే షరతుతో వీధి చివరిదాకా నిలబెట్టుకుంటుంది.

మావాడు ఈ రెండు పద్ధతులనూ పక్కనబెట్టి, రాత్రి భోజనాలయ్యాక డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు వెనుక నిలబడి 14416కు ఫోను చేస్తున్నాడు. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి. ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులో మాట్లాడుతుంది, అన్నింటికన్నా ముఖ్యంగా దానికి కుర్చీలు అక్కర్లేదు. వాడు రోజూ అరగంట ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియక పిన్నికి నిద్ర పట్టడం లేదు. ఈ విషయం తేల్చడానికి ఆదివారం మా ఇంట్లో తొమ్మిదిమందిమి సమావేశమవుతున్నాం. వాడిని పిలవలేదు.