గీజర్ ట్యాంకు కారిందంటే లోపలి కడ్డీ ఎప్పుడో అయిపోయిందన్నమాట

గీజర్ ఎన్నేళ్లు వస్తుందని షాపులో అడుగుతాం. ముందు చూసుకోవాల్సింది ఇంటికి వచ్చే నీళ్లు. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో ఉన్నంత కాలం అదే మోడల్ బోరు నీళ్ల అపార్ట్‌మెంట్‌లో ఉండదు.

చాలా గీజర్ల ట్యాంకులో ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. దాన్నే యానోడ్ రాడ్ అంటారు. తుప్పు ముందు దాన్ని తింటుంది, అది ఉన్నన్నాళ్లూ ట్యాంకు జోలికి రాదు. అది కరిగిపోయాక ట్యాంకు వంతు. నీళ్ల గట్టితనం తగ్గించే సాఫ్ట్‌నర్ ఉందని ధీమా వద్దు, ఆ నీళ్లలో కడ్డీ ఇంకా త్వరగా కరగొచ్చు. బోరు నీళ్లయితే ఏడాదికోసారి విప్పి చూడాలి. సగం కరిగినా, లోపలి తీగ బయటపడినా మార్చేయాలి. వందల్లో అయిపోయే పని ఇది. ఈ మాట అమ్మేటప్పుడే చెప్పాలి కదా! చెప్పకపోవడం వల్లే జనం వేలు పోసి కొత్త గీజర్లు కొంటున్నారు.

రెండో శత్రువు ఉప్పు, అంటే నీళ్లు కాగేటప్పుడు తెల్లగా పేరుకునే సున్నపు పొర. నీళ్లు కాచే ఎలిమెంట్ చుట్టూ అది గట్టిపడితే వేడి, నీళ్లలోకి పోక, ఎలిమెంటే కాలి పగులుతుంది, ఎంసీబీ పడిపోతుంది. నీళ్లు కాగేటప్పుడు టపటప చప్పుడు వస్తోందంటే ఉప్పు పేరుకుందనే లెక్క. ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆపించి, ట్యాంకు చల్లారాక నీళ్లు వదిలించి, ఎలిమెంట్ తీయించండి. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రెండు గంటలు నానబెడితే పొర ఊడుతుంది. వైర్లు తగిలించే కొస మాత్రం తడవకూడదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్ తప్పనిసరి. వేడి నీళ్ల కుళాయిలో ధార నిలకడగా వచ్చేదాకా స్విచ్ వేయొద్దు, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది.

నీళ్లు తగినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌ను 50-55 డిగ్రీల దగ్గర పెట్టండి, 60 దాటితే ఉప్పు మరీ త్వరగా పేరుకుంటుంది. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్లు 55కి రావడానికి సుమారు 16 నిమిషాలు చాలు. పొద్దంతా ఆన్‌లో ఉంచడం దేనికి?

ఎలిమెంట్ పోయినా, థర్మోస్టాట్ పోయినా గీజర్ పారేయకండి, రెండూ విడిగా దొరుకుతాయి. పారేయాల్సింది ట్యాంకే కారినప్పుడు. పైపుల జాయింట్లు, ఎలిమెంట్ వాషర్ పొడిగా ఉండి అడుగు నుంచి చుక్కలు పడుతుంటే దానికి రిపేరు లేదు. వేడి కుళాయిలోనే ఎర్రనీళ్లు వస్తుంటే ఆ రోజు దగ్గరపడినట్టే.

కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి పడే నాలుగు చుక్కలు మాత్రం లీకు కాదు. వేడికి ఉబ్బిన నీళ్లు బయటికి పోయే దారి అది. చిరాకేసి దానికి బిరడా కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి! థర్మోస్టాట్ కరెంటు ఆపకపోతే ట్యాంకు పేలొచ్చు.

కొత్తది బిగించిన రోజే ఆ తేదీ, తర్వాత కడ్డీ మార్చిన ప్రతి తేదీ, మార్కర్‌తో గీజర్ మీదే రాయించండి.