తండ్రి నుంచి వర్గం, తల్లి నుంచి ఊరు: చైనా ప్రేమలకు పడ్డ రెండు తాళాలు

2013లో చైనాలో 1.34 కోట్లకు పైగా జంటలు పెళ్లి నమోదు చేయించుకున్నాయి. 2024లో ఆ సంఖ్య 61 లక్షలు. సగం కూడా లేదు. అక్కడి ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. విశ్వవిద్యాలయాల్లో ప్రేమ గురించీ, పెళ్లి గురించీ పాఠాలు చెప్పాలని అధికార పత్రికలే రాస్తున్నాయి. మూడేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులకు బిడ్డకు ఏడాదికి 3,600 యువాన్లు ఇస్తున్నారు. మన విశ్లేషకులు కూడా వరస పెట్టి కారణాలు చెబుతున్నారు: ఇళ్ల ధరలు, ఉద్యోగాల కొరత, చదువుకున్న అమ్మాయిల "మొండితనం".

ఇళ్ల ధరల మాట నిజమే. మొండితనం మాట అన్యాయం. అయితే వీళ్లెవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఇప్పుడు ప్రేమ పాఠాలు చెప్పబోతున్న రాజ్యమే, ప్రేమించే ముందు ఎదుటి మనిషి పుట్టుకనూ కాగితాలనూ చూసుకోమని మూడు తరాలకు నేర్పింది. చైనాలో విప్లవం వర్గాన్ని రద్దు చేయలేదు. దాన్ని కులంగా మార్చింది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. దానికి సాక్ష్యం ఆర్థిక గణాంకాల్లో కంటే పెళ్లి సంబంధాల్లోనే బాగా దొరుకుతుంది.

మొదలు మాత్రం వేరుగా ఉంది. 1919 నవంబరులో చాంగ్షా నగరంలో ఝావో ఊఝెన్ అనే యువతి, పెద్దలు కుదిర్చిన పెళ్లి ఇష్టం లేక, పెళ్లి పల్లకీలోనే గొంతు కోసుకుని చనిపోయింది. ఆ చావు గురించి స్థానిక పత్రికలో వరసగా వ్యాసాలు రాసిన పాతికేళ్ల కుర్రాడి పేరు మావో. తప్పు ఆమెది కాదు, సమాజానిది అన్నాడు. ఆయనకూ చిన్న వయసులోనే ఇంట్లోవాళ్లు పెళ్లి కట్టబెట్టారు, ఆయన ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. ప్రేమకు తల్లిదండ్రుల నుంచి విముక్తి కావాలని ఆ తరం నిజంగానే నమ్మింది.

1950 మే 1న కొత్త వివాహ చట్టం తెచ్చినప్పుడు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకున్నారు కూడా. బాల్యవివాహాలు, ఉంపుడుగత్తెల వ్యవస్థ, బలవంతపు పెళ్లిళ్లు అన్నీ ఒక్క చట్టంతో చెల్లవన్నారు. లక్షలాది మంది ఆడవాళ్లు విడాకులు తీసుకుని బయటపడ్డారు. పెళ్లి చేసుకునే స్తోమత లేక ఒంటరిగా మిగిలిపోయిన కూలీలు, చేతికి కాస్త భూమి వచ్చాక ఇంటివాళ్లయ్యారు. చైనాను సమర్థించే మిత్రులు ఇవన్నీ గుర్తు చేస్తారు, ఇందులో నేను కాదనేది ఏమీ లేదు. పల్లకీలో పెళ్లికూతుళ్లు గొంతు కోసుకునే కాలం పోయిందంటే అది చిన్న విషయం కాదు. నా తగాదా ఆ తర్వాత జరిగినదానితో.

భూసంస్కరణలప్పుడు ఊరూరా ప్రతి కుటుంబానికీ ఒక ముద్ర వేశారు: భూస్వామి, ధనిక రైతు, మధ్య రైతు, పేద రైతు, కూలీ. భూమి పంచాలంటే ఎవరి దగ్గర ఎంత ఉందో తేలాలి కాబట్టి ఆ పని అవసరమే అనుకుందాం. పంపకం అయిపోయింది. భూస్వామి దగ్గర మిగులు భూమి లేదు, తర్వాత కమ్యూన్లు వచ్చాక అసలు ఎవరికీ సొంత పొలం లేదు. ముద్ర మాత్రం అలాగే ఉండిపోయింది. పైగా తండ్రి నుంచి పిల్లలకు దిగింది. జీవితంలో ఒక్క గింజ కౌలు వసూలు చేయని, ఊహ తెలిసేనాటికే ఇంట్లో మిగులు భూమి లేని ఇరవై ఏళ్ల కుర్రాడు 1970లో భూస్వామి కుటుంబం వాడే.

ఇది మొదటి తాళం. రెండోది 1958 జనవరిలో పడింది. దాని పేరు హుకౌ, నివాస నమోదు. ప్రతి మనిషీ పల్లె మనిషో పట్నం మనిషో పుస్తకంలో రాసేశారు. పట్నం హుకౌ ఉంటే రేషను తిండి, ఫ్యాక్టరీ ఉద్యోగం, బడి, ఆసుపత్రి. పల్లె హుకౌ అయితే కమ్యూన్ పొలం తప్ప గతి లేదు. ఇది తండ్రి నుంచి కాదు, తల్లి నుంచి పిల్లలకు వచ్చేది. 1998 దాకా ఇదే పద్ధతి.

ఈ రెండు నియమాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వర్గం తండ్రి నుంచి, ఊరు తల్లి నుంచి. పట్నంలో ఫ్యాక్టరీ కుర్రాడు పల్లె పిల్లను ఇష్టపడితే, పుట్టబోయే పిల్లలు పల్లెవాళ్లు. తండ్రి పక్కనే పట్నంలో ఉన్నా వాళ్లకు రేషను రాదు. పేద రైతు కూతురు భూస్వామి ముద్ర ఉన్నవాణ్ణి చేసుకుంటే, ఆమె కడుపున పుట్టేవాళ్లు శత్రువర్గం. భూస్వామి ఇంటి ఆడపిల్లకు మాత్రం ఒక దారి ఉంది. పేద రైతు ఇంటికి కోడలిగా వెళితే ఆమె పిల్లలు బయటపడతారు. కొడుకులకు ఆ దారి లేదు. వాళ్లు బ్రహ్మచారులుగా మిగిలిపోయేవాళ్లు, లేదా అదే ముద్ర ఉన్న మరో ఇంటితో కుండమార్పిడి చేసుకుని, చెల్లెల్నిచ్చి పెళ్లాన్ని తెచ్చుకునేవాళ్లు. ఏ మార్పిడి పెళ్లిళ్లను పోగొట్టాలని 1950 చట్టం వచ్చిందో, అవే పెళ్లిళ్లు చేసుకోక తప్పని పరిస్థితిని రాజ్యమే కల్పించింది. ఏ మనుస్మృతీ ఇంత పకడ్బందీగా రాయలేదు.

సాంస్కృతిక విప్లవం మొదలైన 1966 వేసవిలో బీజింగ్ బడిపిల్లలు ఒక నినాదం ఎత్తుకున్నారు. తండ్రి వీరుడైతే కొడుకు శూరుడు, తండ్రి ద్రోహి అయితే కొడుకు దగుల్బాజీ. పెద్ద నాయకుల పిల్లలే దీన్ని ముందుండి నడిపారు. దీనికి ఎదురు నిలిచి రాసినవాడు యూ లువోక, ఇరవై నాలుగేళ్ల కార్మికుడు. తల్లిదండ్రులిద్దరికీ 1957లో రైటిస్టు, అంటే పార్టీకి వ్యతిరేకులు అనే ముద్ర పడింది, అందుకే అతనికి విశ్వవిద్యాలయంలో సీటు దొరకలేదు. 1967 జనవరిలో ఒక విద్యార్థి పత్రికలో అచ్చయిన వ్యాసంలో అతనొక సూటి ప్రశ్న వేశాడు: ముద్ర పడ్డ ఇళ్ల పిల్లలకూ, అమెరికాలో నల్లవాళ్లకూ, ఇండియాలో శూద్రులకూ, జపాన్‌లో అంటరానివాళ్లకూ తేడా ఏమిటి? 1970 మార్చి 5న బీజింగ్ కార్మికుల స్టేడియంలో జనం ముందు నిలబెట్టి మరణశిక్ష ప్రకటించి చంపేశారు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. 1979లో నిర్దోషి అన్నారు.

అతని చెల్లెలు యూ లువోజిన్ కథ నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. డైరీలో రాసుకున్న మాటలకు ఆమెను శ్రమ శిబిరంలో పెట్టారు. బయటికొచ్చాక బతుకుతెరువు కోసం, నివాసం కోసం, ఎక్కడో ఈశాన్యాన హేలోంగ్జియాంగ్‌లో ఉన్న మనిషిని పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి నిలవలేదు. తర్వాత బీజింగ్‌లో ఒక కార్మికుణ్ణి చేసుకుంది. 1980లో అతని నుంచీ విడాకులు అడిగింది, మా మధ్య ప్రేమ లేదు అని. దేశమంతా పత్రికలు రెండుగా చీలిపోయి ఆమెను తిట్టాయి, సమర్థించాయి. అవసరం తీరగానే మొగుణ్ణి వదిలేస్తోందన్న మాట ఎక్కువ వినబడింది. ఆ అవసరాన్ని ఎవరు సృష్టించారని అడిగినవాళ్లు తక్కువ. అన్న పుట్టుక ముద్రను ప్రశ్నించి చచ్చిపోయాడు, చెల్లెలు అదే ముద్ర మోస్తూ బతకడానికి పెళ్లిళ్లు చేసుకుంది. ఈ ఇద్దరి జీవితాలనూ విడదీసి చదవకూడదు.

ఇక పల్లెలకు పంపిన పట్నం పిల్లల సంగతి. 1968 డిసెంబరులో పల్లెలకు వెళ్లాలన్న మావో పిలుపు తర్వాత వెళ్లినవాళ్లు, అంతకుముందూ తర్వాతా వెళ్లినవాళ్లు, అందరూ కలిపి సుమారు 1.7 కోట్లు. వాళ్లకు ప్రేమంటే ఒక భయం పట్టుకుంది. అక్కడ పెళ్లి చేసుకుంటే తిరుగు ప్రయాణం ఉండదు. ప్రేమించుకున్నా బయటపడకుండా ఏళ్లకు ఏళ్లు ఆగినవాళ్లున్నారు. ఆగలేక స్థానికులను చేసుకున్నవాళ్లున్నారు. యునాన్ రాష్ట్రంలో శిషువాంగ్‌బన్నా రబ్బరు తోటల్లో 1978 చివర్లో సమ్మెలు చేసి, ఇంటికెళ్లే అనుమతి సాధించుకున్నారు. వెంటనే విడాకుల కోసం బారులు తీరారు. పెళ్లి రద్దయితేనే పట్నం రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది కాబట్టి, ఊరెళ్లాక మళ్లీ చేసుకుందామని మాట ఇచ్చుకుని విడిపోయిన జంటలు ఉన్నాయి. మాట నిలబెట్టుకోనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు పుట్టిన కొందరు పిల్లలు యునాన్‌లోనే ఉండిపోయారు.

మన వామపక్ష సభల్లో దశాబ్దాలుగా వింటున్న మాట ఒకటి ఇక్కడ గుర్తు చేయాలి: వర్గం పోతే కులం దానంతటదే పోతుంది. చైనా చైర్మన్ మన చైర్మన్ అని నక్సలైట్లు గోడల మీద రాసిన రోజుల్లోనే, ఆ చైర్మన్ దేశంలో వర్గమే కులమై కూర్చుంది. దీన్ని అర్థం చేసుకునే సూత్రం మన దగ్గరే ఉంది. కులాన్ని కులంగా నిలబెట్టేది లోపలే పెళ్లిళ్లు చేసుకునే ఆచారమని, కులమంటే తలుపులు మూసుకున్న వర్గమని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో చెప్పారు. ఇక్కడ ఆ తలుపులు మూసింది శాస్త్రాలూ ఆచారమూ అయితే, అక్కడ మూసింది ప్రభుత్వ దస్త్రం. ఆడపిల్ల పై మెట్టుకు వెళ్లవచ్చు, మగవాడు పై మెట్టు పిల్లను తెచ్చుకోకూడదు అనే నియమాన్ని మన స్మృతులు అనులోమం, ప్రతిలోమం అన్నాయి. భూస్వామి కూతురు తప్పించుకుని కొడుకు ఇరుక్కుపోవడం అచ్చం అదే. కాబట్టి ఆస్తిని పంచి పుట్టుక ముద్రను వదిలేసే విప్లవం కులాన్ని ఎక్కడా తీసేయలేదు, తీసేయదు. మిర్యాలగూడలో 2018లో కూతురు కులాంతర వివాహం చేసుకుందని అల్లుణ్ణి కిరాయి మనుషులతో చంపించిన తండ్రికి ఆస్తి తక్కువై కాదు. ఈ సంగతి తెలుగు కమ్యూనిస్టులు ఆలస్యంగానైనా కొంత గ్రహించారు. వాళ్లలో చైనా ప్రేమికులు మాత్రం ఇంకా గ్రహించలేదు.

1979లో వర్గ ముద్రలు ఎత్తేశారు. అప్పటికి ముప్పై దాటిన భూస్వామి కొడుకులకు ఆ ఉత్తర్వు ఏం చేసుకోవాలో తెలియలేదు. హుకౌ మాత్రం ఉండిపోయింది, దాని చుట్టూ ఇప్పుడు ఇల్లు వచ్చి చేరింది. షాంఘై పీపుల్స్ పార్కులో వారాంతాల్లో తల్లిదండ్రులు పిల్లల వివరాలు కాగితాల మీద రాసి పెడతారు. ఎత్తు, జీతం, ఇల్లు, హుకౌ. మన మ్యారేజ్ బ్యూరోల్లో కులం కాలమ్ ఉన్న చోట వాళ్లకు హుకౌ ఉంటుంది. 2003 దాకా పెళ్లి చేసుకోవాలంటే పని చేసే సంస్థ నుంచి ఉత్తరం తేవాలి. అది పోయినా హుకౌ పుస్తకం చూపించాల్సి ఉండేది, అది పెద్దవాళ్ల బీరువాలో ఉంటుంది. ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ పుస్తకాన్ని దొంగతనంగా తీసుకెళ్లి రిజిస్టర్ చేయించుకోవడం ఆ తరంలో చాలా మందికి తెలిసిన సంగతే. తల్లిదండ్రుల నుంచి విముక్తి ఇస్తానన్న రాజ్యం, తాళం చెవి తిరిగి వాళ్ల చేతికే ఇచ్చిందన్నమాట. 2025 మే 10 నుంచి ఆ పుస్తకం అక్కర్లేదన్నారు. మంచిదే. పెళ్లిళ్లు పడిపోయి భయం పట్టుకున్నాక గానీ ఆ బుద్ధి పుట్టలేదు.

పుట్టుక ముద్ర వాసన పూర్తిగా పోలేదు. ఆన్‌లైన్ మోసాల్లో ఇరుక్కున్నవాళ్ల పిల్లలకూ భార్యలకూ ఉద్యోగాలూ చదువులూ ఆపాలని కొన్ని స్థానిక ప్రభుత్వాలు నోటీసులిచ్చాయి. ఒకరి తప్పుకు ఇంకొకరిని శిక్షించడం రాజ్యాంగ సూత్రాలకు విరుద్ధమని అక్కడి చట్టసభ కమిషన్ 2023 చివర్లో చెప్పింది. యూ లువోకను చంపిన 53 ఏళ్లకు. పోలీసు ఉద్యోగాల ఎంపికలో మాత్రం దగ్గరి బంధువుల నేర చరిత్రను చూసే పద్ధతి పోలేదు.